మెట్ల దీపానికి సెన్సర్: పెట్టవలసిన చోటు స్విచ్చి దగ్గర కాదు, దీపం దగ్గర

ప్రశ్న: మాది కావలి. కింద మేము ఉంటాము, మిద్దెపైన అద్దెకు ఇచ్చాము. పైకి పోయే మెట్లు ఇంటి పక్కన సందు వైపు ఉన్నాయి. ఆ మెట్ల దీపం రాత్రంతా ఊరికే వెలుగుతోందని మొన్న ఏప్రిల్‌లో కింది స్విచ్చి తీసేసి, ఆ పెట్టెలోనే మనిషి కదలికను బట్టి వెలిగే సెన్సర్ స్విచ్చి పెట్టించాము. సెన్సర్‌కు 650, కూలికి 300 రూపాయలు అయింది. అప్పటి నుంచి దీపం ఆరిన తరువాత కూడా మిణుకుమిణుకుమంటూనే ఉంది. మే నెలలో అయితే సాయంత్రం పూట నాలుగు మెట్లు ఎక్కినా వెలగలేదు. పైన ఇంకొక సెన్సర్ పెట్టి, దానికి పై వాటా మీటరు నుంచి కరెంటు ఇచ్చి, రెండింటినీ ఆ బల్బుకే కలుపుతానని పని చేసినతను అంటున్నాడు. మా అబ్బాయి రేడార్ సెన్సర్లు మేలంటున్నాడు. మా అమ్మకు 81 ఏళ్ళు. రాత్రి రెండు మూడు సార్లు లేచి పెరట్లోని మరుగుదొడ్డికి పోతుంది. అక్కడ కూడా పెట్టించాలని ఉంది. ఏ రకం తీసుకోవాలి? కరెంటు బిల్లు ఏ మాత్రం తగ్గుతుంది? — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

సమాధానం: మాస్టారు గారికి నమస్కారం.

మీరు అడిగిన వరుసను తప్పించి, మీకు పని చేసిన ఎలక్ట్రీషియన్ చెప్పిన ఆలోచనకే ముందుగా జవాబు రాస్తున్నాను. మిగిలినవి నెల ఆలస్యమైనా పరవాలేదు గాని, ఆ ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయించకండి. మీ వాటాకు ఒక మీటరు, పై వాటాకు మరొక మీటరు ఉన్నాయంటే అవి రెండు వేర్వేరు సర్వీసులు. వీధి స్తంభం మీదికి మూడు ఫేజులు, అంటే కరెంటు తెచ్చే మూడు వేర్వేరు తీగలు, వస్తాయి. ఏ ఒక్క దాని మీదా బరువంతా పడకుండా ఉండాలని లైన్ సిబ్బంది ఒక సర్వీసును ఒక ఫేజుకు, తరువాతి దానిని మరొక ఫేజుకు కలుపుతూ పోతారు. కాబట్టి ఒకే కప్పు కింద ఉన్నా మీ రెండు మీటర్లూ వేర్వేరు ఫేజుల మీద ఉండవచ్చు. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి పోయే తీగకూ) మధ్య ఉండేది 230 వోల్టులే అయినా, రెండు ఫేజుల మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటాయి. ఎవరైనా మెట్లు ఎక్కుతున్నప్పుడు కింది సెన్సర్ వెలిగించి ఇంకా ఆర్పకముందే పై సెన్సర్ కూడా మనిషిని చూస్తుంది. ఆ క్షణంలో రెండు సెన్సర్ల ద్వారా రెండు ఫేజులు బల్బు వైరు దగ్గర నేరుగా కలుసుకుంటాయి. అదృష్టం బాగుంటే ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తానే ఆగిపోయే స్విచ్చి) పడిపోతుంది, లేకపోతే సెన్సర్లు కాలిపోతాయి, వైర్లు కూడా కాలవచ్చు.

అదృష్టవశాత్తు రెండూ ఒకే ఫేజు మీద ఉన్నా ప్రమాదం తప్పదు. రేపు హోల్డరు మార్చడానికి మీరు మీ మెయిన్ ఆపి చెయ్యి పెడతారు. పైన ఎవరో వరండాలోకి వస్తారు. మీరు ఆపేశాననుకున్న వైరులోకి పై వాటా మీటరు నుంచి కరెంటు వస్తుంది. ఒక సర్వీసు కరెంటును మరొక సర్వీసు వైరింగులో కలపడం నిబంధనలు కూడా ఒప్పుకోవు. అతడు పని తెలియనివాడని నేననను. పైన ఒకటి, కింద ఒకటి రెండు స్విచ్చిలతో ఒకే దీపాన్ని నడిపే మెట్ల వైరింగుకు అలవాటుపడిన చేతికి ఈ ఆలోచన సహజంగానే తోస్తుంది. రెండు సెన్సర్లను ఒకే బల్బుకు కలపడంలో తప్పు లేదు. రెండింటికీ కరెంటు ఒకే మీటరు నుంచి, ఒకే ఎం.సి.బి. కింది లైను నుంచి రావాలి, అంతే. మెట్ల దీపం మీ మీటరు మీద ఉంటే, పైన పెట్టే సెన్సర్ కూడా మీ మీటరు మీదనే ఉండాలి.

ఇక మిణుకు సంగతి. మామూలు స్విచ్చికి రెండే వైర్లు చాలు, ఫేజు లోపలికి వచ్చి బల్బు వైపు పోతుంది. సెన్సర్ అట్లా కాదు. దీపం ఆరి ఉన్నప్పుడు కూడా అది మేలుకొని కాపలా కాయాలి గనుక, దాని పొట్టకు ఎప్పుడూ కొంచెం కరెంటు కావాలి. అందుకు ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా దాని దగ్గరికి రావాలి. మెట్ల దగ్గర ఒంటరిగా ఉండే స్విచ్చి పెట్టెలలో చాలా ఇళ్ళలో న్యూట్రల్ ఉండదు. అది పైన దీపం దగ్గరికే పోయి ఉంటుంది. ఇట్లాంటి చోట్లకని న్యూట్రల్ అక్కరలేని రెండు వైర్ల సెన్సర్లు అమ్ముతారు. అవి తమకు కావలసిన కరెంటును బల్బు గుండా కొద్దికొద్దిగా పోనిచ్చి తెచ్చుకుంటాయి. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బుకు ఆ కొద్ది కరెంటు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎల్.ఇ.డి. బల్బు లోపల ఉండే చిన్న కెపాసిటర్ మాత్రం ఆ చుక్కలను కూడబెట్టుకుని, నిండగానే ఒక్కసారి మెరిసి, మళ్ళీ కూడబెట్టుకుంటుంది. మీరు చూస్తున్న మిణుకు ఇదేనని నా అనుమానం.

అయితే మరొక కారణం కూడా ఉండవచ్చు. స్విచ్చి ఫేజును కత్తిరించకుండా న్యూట్రల్‌ను కత్తిరిస్తూ ఉంటే, దీపం ఆరినట్టు కనిపించినా హోల్డరు దాకా కరెంటు ఉంటుంది, ఎల్.ఇ.డి. మసకగా వెలుగుతూనే ఉంటుంది. పాత ఇళ్ళలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్ అన్న పద్ధతి పాటించని వైర్లు ఎన్నో చూస్తాము గనుక రంగును నమ్ముకోకూడదు. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి సెన్సర్‌ను తీసి, ఒక పూటకు మామూలు స్విచ్చి పెట్టించి చూడండి. మిణుకు పూర్తిగా పోతే దోషం సెన్సర్ రకానిది. స్విచ్చి ఆపి ఉన్నప్పుడు హోల్డరులో టెస్టరు గట్టిగా వెలిగితే వైరింగే తిరగబడి ఉందన్నమాట. దానిని సరిచేయించిన తరువాతనే ఏ సెన్సరైనా పెట్టాలి. ఎందుకంటే బల్బు మార్చేటప్పుడు స్విచ్చి ఆపాను గదా అనుకునే ధైర్యం ఆ ఇంట్లో చెల్లదు.

న్యూట్రల్ లేకపోవడానికి విరుగుడుగా చాలామంది గోడ కొట్టి కొత్త వైరు లాగిస్తారు, లేదా పక్కన దొరికిన ఏదో న్యూట్రల్‌ను తెచ్చి కలుపుతారు. మొదటిది ఖర్చు, రెండవది తప్పు. ఆ దీపం ఏ లైనులో ఉందో ఆ లైను న్యూట్రలే వాడాలి. వేరే లైనుది వాడితే, ఇంట్లో లైను లైనుకూ ఆర్.సి.సి.బి. (కరెంటు దారి తప్పి కారితే లైను ఆపేసే స్విచ్చి) ఉన్న చోట అది కారణం తెలియకుండా పదే పదే పడిపోతుంది, ఎక్కడ పొరపాటో వెతకలేక అందరూ తల పట్టుకుంటారు. నా మాట వింటే ఈ బెడదంతా లేకుండా సెన్సర్‌ను స్విచ్చి పెట్టెలో నుంచి తీసేసి, పైన దీపం దగ్గర పెట్టించండి. దీపం దగ్గర న్యూట్రల్ ఎప్పుడూ ఉంటుంది. కింద మామూలు స్విచ్చిని మళ్ళీ బిగించి, దానిని వేసే ఉంచితే ఫేజు కూడా ఎప్పుడూ ఉంటుంది. మూడు వైర్ల సెన్సర్‌కు కావలసినవి ఆ రెండే. మూడవ వైరు దాని నుంచి బల్బుకు పోతుంది. గోడ కొట్టనక్కరలేదు, పైపులో కొత్త వైరు లాగనక్కరలేదు. సెన్సర్ చెడిపోయిన నాడు దానిని తీయించి, వచ్చే ఫేజు వైరునూ బల్బుకు పోయే వైరునూ కలిపిస్తే దీపం మళ్ళీ పాత దీపమే. ఒక్క జాగ్రత్త, ఇంట్లో ఎవరో ఒకరు అలవాటుగా ఆ స్విచ్చి ఆపేస్తారు, సెన్సర్ చెడిపోయిందని మీరు మళ్ళీ ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తారు. స్విచ్చి మీద ఒక చిన్న టేపు ముక్క అంటించి "ఆపవద్దు" అని రాసి పెట్టండి. ఇన్నేళ్ళు బడిలో నల్లబల్ల మీద రాసిన చేతికి అది పెద్ద పని కాదు గదా.

చోటు మార్చమనడానికి వైరు ఒక్కటే కారణం కాదు. మీ మే నెల ఫిర్యాదుకు కూడా జవాబు అక్కడే ఉంది. మీరు పెట్టించినది పి.ఐ.ఆర్. రకం, అంటే ఒంటి వేడిని బట్టి కనిపెట్టేది, అయి ఉంటుంది. దాని ముందు తెల్లగా, గీతలు గీతలుగా కనిపించే ప్లాస్టిక్ మూత నిజానికి ఒక కటకం. లైట్‌హౌస్ దీపాలకు వాడే ఫ్రెనెల్ కటకానికి చిన్న తమ్ముడు. అది ఎదుటి స్థలాన్ని విసనకర్ర మడతల మాదిరి ముక్కలు ముక్కలుగా విడదీసి లోపలి పలకకు చూపిస్తుంది. మన ఒంటి నుంచి కంటికి కనపడని వేడి కిరణాలు ఎప్పుడూ వెలువడుతూ ఉంటాయి. మనిషి ఒక మడతలో నుంచి మరొక మడతలోకి దాటినప్పుడు ఆ పలక మీద పడే వేడిలో తేడా వస్తుంది. ఆ తేడాను చూసి దీపం వెలిగిస్తుంది. అంటే అది చూసేది మనిషిని కాదు, కదలికను కూడా కాదు, మనిషికీ వెనక ఉన్న గోడకూ మధ్య వేడిలో ఉండే తేడా కదలడాన్ని.

మన ఒంటి చర్మం 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్న ఎండ నెల్లూరు వైపు ఎంత పని చేస్తుందో మీకు చెప్పనక్కరలేదు. పగలంతా కాగిన సందు గోడ సాయంత్రం ఏడెనిమిది గంటలకు కూడా ఒంటికి సమానమైన వేడిని కక్కుతూనే ఉంటుంది. మనిషి వేడీ గోడ వేడీ ఒకటే అయినప్పుడు సెన్సర్‌కు మనిషి గోడలో కలిసిపోతాడు. మిట్టమధ్యాహ్నం గోడ ఇంకా ఎక్కువగా కాగినప్పుడు మళ్ళీ తేడా పుడుతుంది, ఈసారి మనిషే చల్లగా కనిపిస్తాడు. కాని ఆ వేళ దీపంతో మనకు పని లేదు. కాబట్టి మీ సెన్సర్ మేలో చెడిపోలేదు, దాని చూపు దగ్గరికి కుంచించుకుపోయింది, అంతే. డిసెంబరులో ఇరవై అడుగులు చూసేది మేలో అందులో సగమో ఇంకా తక్కువో చూస్తుంది. చలికాలంలో పెట్టించి బాగుందని సంతోషించినవారు వేసవిలో తిట్టుకోవడానికి ఇదే కారణం. సెన్సర్ ఎంత దూరం చూడాలో లెక్క వేసుకునేటప్పుడు డబ్బా మీద రాసిన దూరాన్ని సగం చేసి, ఆ సగంతోనే సరిపోయే చోట పెట్టాలి.

మడతలను అడ్డంగా దాటితేనే అది బాగా చూస్తుంది. నేరుగా దాని ముఖంలోకి నడిచి వచ్చే మనిషైనా, దాని నుంచి నేరుగా దూరంగా పోయే మనిషైనా ఒకే మడతలో చాలాసేపు ఉండిపోతాడు, అందుకే నాలుగు మెట్లు ఎక్కినా వెలగకపోవడం. మీ కింది స్విచ్చి పెట్టె మెట్ల మొదట్లో, గోడకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉండి ఉంటుంది. ఎక్కేవారికి అది పక్కకు, ఆపైన వెనక్కు పోతుంది, దిగేవారిని చివరి మెట్టు దాకా చూడదు. దానికి బదులు మెట్లు మలుపు తిరిగే చోట స్లాబుకు, లేదా గోడకు ఏడెనిమిది అడుగుల ఎత్తున పెడితే కింది వరుస, పై వరుస రెండూ దాని చూపులో అడ్డంగా పడతాయి; ఒక్క సెన్సరే చాలవచ్చు, రెండవదాని ఆలోచనే అక్కరలేకపోవచ్చు. దీపానికీ సెన్సర్‌కూ మధ్య ఒక అడుగున్నర దూరమైనా ఉంచండి. బల్బు వేడి, వెలుగు నేరుగా సెన్సర్ ముఖం మీద పడితే, దీపం ఆరగానే ఆ మార్పునే మనిషనుకుని మళ్ళీ వెలిగించి, మళ్ళీ ఆర్పి, రాత్రంతా దొంగాట ఆడుతుంది. ఎదురుగా దండెం మీద బట్టలు ఊగకుండా, ఏ.సి. బయటి పెట్టె నుంచి వేడి గాలి తగలకుండా కూడా చూసుకోవాలి. మా ఇంట్లో ఒకసారి వారం రోజుల పాటు ఎవరూ లేకుండానే దీపం వెలిగితే ఏమిటోనని భయపడ్డాము. చివరికి తేలింది ఏమిటంటే, ఒక బల్లి ఆ మూత మీదనే కాపురం పెట్టి పురుగుల కోసం అటూ ఇటూ తిరుగుతోంది.

మీ అబ్బాయి చెప్పిన రేడార్ రకం సంగతి. అది వేడిని చూడదు. తానే రేడియో తరంగాలను, సాధారణంగా 5.8 గిగాహెర్ట్జ్‌లో, బయటికి పంపి, కదిలే వస్తువును తాకి తిరిగి వచ్చిన తరంగంలోని మార్పును బట్టి వెలిగిస్తుంది. అందువల్ల ఎండకాలమైనా చలికాలమైనా దానికి ఒకటే, ఎదురుగా నడిచి వచ్చినా గట్టిగా పట్టుకుంటుంది. ఈ విషయంలో మీ అబ్బాయి మాట నిజం. కాని ఆ తరంగాలు చెక్క తలుపు గుండా, అద్దం గుండా, పలుచని గోడ గుండా కూడా పోతాయి. మీ మెట్లు సందు వైపు తెరిచి ఉన్నాయి గనుక, సందులో పోయే సైకిలు, పక్కింటివారి గేటు, గాలికి ఊగే అరటాకు, అన్నీ దానికి మనుషులే. నాలుగు వైపులా ఇటుక గోడలున్న లోపలి మెట్లయితే నేనే రేడార్ తీసుకోమనేవాణ్ణి, మీకు పి.ఐ.ఆర్. మేలు.

బిగించే ముందు ఒక హెచ్చరిక చెప్పి తీరాలి, ఎందుకంటే ఇది చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా మరిచిపోయేది. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే, దీపాలు సాధారణంగా దాని లైను మీదనే ఉంటాయి. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందని ఇన్వర్టరు అనుకుని, బ్యాటరీ నుంచి అదే దీపానికి 230 వోల్టులు పంపుతుంది. కాబట్టి మెయిన్ ఆపడంతో పాటు ఇన్వర్టరును కూడా ఆపించి, దాని నుంచి వచ్చే లైను తీయించి, టెస్టరుతో మూడు వైర్లనూ చూపించిన తరువాతనే చెయ్యి పెట్టమనండి. మరొకటి, ఇన్వర్టరు పాత స్క్వేర్ వేవ్ రకమైతే చవక సెన్సర్లు వేడెక్కి తొందరగా చెడిపోతాయి; సైన్ వేవ్ ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఈ బాధ ఉండదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సెన్సర్ ఒక అర నిమిషం, నిమిషం దాకా తడబడి దీపం వెలిగించి ఉంచడం మాత్రం సహజమే, దానికి భయపడనక్కరలేదు.

సెన్సర్ మీద రెండో మూడో చిన్న తిప్పుడు మరలు ఉంటాయి. ఒకటి సమయానికి, మనిషి కదలిక ఆగిన తరువాత ఎంతసేపు వెలగాలో చెప్పేది. మెట్లకు ఒక నిమిషం కంటే తక్కువ పెట్టవద్దు, ఎందుకంటే మెట్ల మధ్యలో ఆగి తాళం చెవి వెతుక్కునే మనిషి చీకట్లో పడకూడదు. సూర్యుడు, చంద్రుడు బొమ్మలున్నది ఎంత చీకటి పడితే పని మొదలుపెట్టాలో చెప్పేది. దానిని పూర్తిగా చంద్రుని వైపు తిప్పితే సందులోని వీధి దీపం వెలుగుకే పగలనుకుని మొండికేస్తుంది, కాబట్టి మధ్య దగ్గర ఉంచి సంధ్యవేళ చూసి సరిచేసుకోండి. సూర్యుని వైపు తిప్పి ఉంచితే పగలు కూడా వెలుగుతుంది.

ఇప్పుడు అమ్మగారి సంగతి. నిజానికి మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మెట్ల దీపం వెలగకపోతే అద్దెకున్నవారు సెల్‌ఫోను దీపం వేసుకుంటారు. 81 ఏళ్ళ మనిషి నిద్ర కళ్ళతో పెరట్లోకి అడుగు పెట్టినప్పుడు దీపం ఒక అడుగు ఆలస్యమైనా ప్రమాదమే. వానాకాలంలో, ముఖ్యంగా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పురుగూ పుట్రా గడప దాకా వస్తాయి. పాము ఒంటికి తనదైన వేడి ఉండదు గనుక సెన్సర్ దానిని చూడదు. పాము వచ్చిందని దీపం వెలగదు, అమ్మగారు వచ్చారని వెలగాలి. కాబట్టి పెరటి సెన్సర్ చూపు మరుగుదొడ్డి మీద కాదు, పెరటి గడప మీద ఉండాలి; ఆమె తలుపు తీసి గడపలో నిలబడగానే, కాలు కింద పెట్టకముందే వెలుగు రావాలి. దానిని మరుగుదొడ్డి గోడకు ఆమెకు ఎదురుగా బిగిస్తే ఆమె నేరుగా దాని వైపే నడుస్తారు, ముందు చెప్పిన దోషం వస్తుంది. పక్కన ఉన్న ప్రహరీ వైపు, ఆమె నడిచే దారికి అడ్డంగా, ఏడెనిమిది అడుగుల ఎత్తున పెట్టించండి.

వృద్ధుల నడకకు ఇంకొక సంగతి ఉంది. నెమ్మదిగా నడిచే మనిషి, అందులోనూ శాలువనో దుప్పటినో తల మీదుగా కప్పుకున్న మనిషి, సెన్సర్‌కు సరిగా ఆనదు; బట్ట బయటి గాలి చల్లదనాన్నే చూపిస్తుంది, ముఖమూ చేతులూ మాత్రమే వేడిగా కనిపిస్తాయి. అందువల్ల పెరట్లో సెన్సర్ ఒక్కదానినే నమ్ముకోవద్దు. ఆమె పడుకునే గదిలో నుంచి పెరటి తలుపు దాకా, మోకాలి ఎత్తున, పసుపు వెలుగు ఇచ్చే అర వాటు చిన్న దీపాలు ఒకటి రెండు రాత్రంతా వెలుగుతూ ఉండనివ్వండి. అర వాటు దీపం పన్నెండు గంటలు వెలిగితే నెలకు యూనిట్‌లో అయిదో వంతు కూడా కాదు. మరుగుదొడ్డి లోపల మాత్రం సెన్సర్ పెట్టకండి. లోపల మనిషి కదలకుండా కూర్చుంటుంది, రెండు నిమిషాలకు దీపం ఆరిపోతుంది, చీకట్లో చేతులు ఊపితే గాని వెలగదు. పెద్దవారిని అట్లా బెదిరించడం అన్యాయం. అక్కడ ఆమె చేతికి అందే ఎత్తున మామూలు స్విచ్చే ఉండాలి, లేదా ఆ చిన్న దీపమొకటి రాత్రంతా ఉండాలి. పెరటి సెన్సర్‌కు సమయం అయిదు నిమిషాలకు పెట్టండి, ఆమె తిరిగి వచ్చేదాకా వెలుగు ఉండాలి గదా.

బయట పెట్టేది ఐ.పి. 65 గుర్తు ఉన్నదై ఉండాలి. అంటే దుమ్ము లోపలికి పోనిది, నీటి చిమ్మును తట్టుకునేది. కావలికి సముద్రం దగ్గర. ఉప్పు గాలికి ఇనుప పెట్టెలు, మరలు రెండేళ్ళలో తుప్పు పడతాయి, అందుకని పెట్టె ప్లాస్టిక్‌ది తీసుకోండి. వైరు పెట్టెలోకి కింది నుంచి రావాలి. పై నుంచి వస్తే వాన నీరు వైరు పట్టుకుని లోపలికే దిగుతుంది. ఈ పెరటి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. రక్షణ లేకపోతే సెన్సర్ కంటే ముందు దానిని పెట్టించండి. వీధి కుక్కలు, పిల్లులు పెరట్లో తిరిగితే కటకం కింది భాగానికి నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి నేల వైపు చూపును కొంత తగ్గించవచ్చు. గడప మాత్రం కనిపించేలా చూసుకోండి.

బిల్లు గురించి మిమ్మల్ని కొంచెం నిరాశ పరచక తప్పదు. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు రోజుకు పన్నెండు గంటలు వెలిగితే నెలకు సుమారు 3.25 యూనిట్లు. సెన్సర్ పెట్టిన తరువాత అది మొత్తం గంటసేపే వెలుగుతుందనుకున్నా, సెన్సర్ తన కాపలాకు తాను రోజంతా అర వాటు తింటుంది. అన్నీ పోగా నెలకు రెండున్నర యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే నెలకు పదిహేను పదహారు రూపాయలు, ఏడాదికి 190 దాకా. మీరు పెట్టిన 950 రూపాయలు తిరిగి రావడానికి అయిదేళ్ళు పడుతుంది, అంతలో సెన్సర్ మార్చవలసి రావచ్చు కూడా. నలభై వాట్ల ట్యూబులైట్ల కాలంలో ఈ లెక్క వేరుగా ఉండేది. బిల్లు తగ్గించుకోవాలనే కోరిక ఒక్కటే అయితే నేను వద్దనే చెప్పేవాణ్ణి. చేతుల నిండా సంచులతో మెట్లెక్కే మనిషికి, తెల్లవారుజామున ముగ్గు వేయడానికి బయటికి వచ్చే ఇల్లాలికి, మీ అమ్మగారికి అది చేసే పనికి మాత్రం ఆ డబ్బు దండగ కాదు. వంటింటికీ, పడకగదికీ, దీపారాధన చేసే గదికీ పెట్టించాలన్న ఉత్సాహం వస్తే మాత్రం ఆపుకోండి. పొయ్యి మంట, దీపపు మంట కూడా వేడిగా కదిలేవే.

పెరటిది బిగించిన తరువాత మీరు నడిచి చూసి బాగుందని అనుకోవద్దు; మీ నడక వేరు, ఆమె నడక వేరు. రెండు మూడు రాత్రులు అమ్మగారినే, ఆమె రోజూ కప్పుకునే దుప్పటితోనే, ఆమె తొడుక్కునే చెప్పులతోనే నడిపించి, మీరు కొంచెం దూరంగా నిలబడి ఆమె కాలు గడప దాటేలోగా దీపం వెలుగుతోందా లేదా చూడండి. వెలగకపోతే సెన్సర్ ముఖాన్ని కొద్దికొద్దిగా గడప వైపు తిప్పుతూ పోండి. అది కుదిరిన తరువాతనే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, పెట్టె పైభాగానికీ రెండు పక్కలకూ సిలికాన్ పూయించండి. లోపలికి చేరిన నీరు కారిపోవడానికి కింది అంచును మాత్రం వదిలేయమనండి.